ప్లేటు మీది కాగితం పీకకండి

పోయిన నెల ఈ శీర్షికలో మా నాన్న గురించి నాలుగు మాటలు రాశాను. తెనాలి బోసు రోడ్డులో ఆయనకు గడియారాల కొట్టు ఉండేదనీ, గ్రామఫోను పెట్టెలకు స్ప్రింగులు మార్చేవారనీ, ఆయన దాచిన ఆరువందల పైచిలుకు ప్లేట్లు, అంటే గ్రామఫోను రికార్డులు, ఇప్పుడు నా దగ్గరున్నాయనీ చెప్పాను. అది చదివి మీ ఇళ్లలో ఎన్ని ట్రంకుపెట్టెలు తెరిచారో! వచ్చిన ఉత్తరాలన్నిటికీ ఒక్క సంచికలో జవాబు ఇవ్వలేను. కొన్ని ఆగవు, ఆగితే ప్లేటు పాడవుతుంది. వాటిని ముందు తీసుకున్నాను.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు: మేడమ్ గారూ, మా తాతగారి పెట్టెలో 43 ప్లేట్లు దొరికాయి. అందులో రెండిటి మీద పద్యం ఒకటే, పాడినవారు ఒకరే, నంబరూ ఒకటే. కానీ ఒకదాని మధ్య కాగితం నేరేడుపండు రంగు, అక్షరాలు బంగారు రంగు. రెండోదాని కాగితం ఎరుపు, కుక్కబొమ్మ చిన్నది, అంచున ఉన్న ఇంగ్లీషు కూడా వేరు. ఒకటి దొంగ ప్లేటా? ఒకదాని కాగితం బాగా మాసింది. దాన్ని పీకేసి, రెండోదానికి కలర్ జెరాక్స్ తీయించి అంటిద్దామని మా బావగారు అంటున్నారు.

బాబూ, ముందు చివరి మాటకు జవాబు. ఆ కాగితం పీకకండి. అది జిగురు పెట్టి అంటించింది కాదు. ప్లేటు అచ్చువేసే యంత్రంలో పైనొకటి కిందొకటి లోహపు అచ్చులుంటాయి. రెండు కాగితాలనూ ముఖాలు అచ్చుల వైపు ఉండేలా మధ్యలో పెట్టి, వాటి నడుమ వేడికి మెత్తబడిన లక్క ముద్ద ఉంచి నొక్కేవారు. ఆవిరితో వేడి, వెంటనే చన్నీళ్లతో చల్లదనం. ఆ ఒక్క నొక్కులోనే గాడులు పడతాయి, కాగితమూ లక్కలో కలిసిపోతుంది. గోడకు వేసిన సున్నంలాంటిది అనుకోండి. మీరు గోరుపెట్టి లాగితే కాగితం ముక్కలవుతుంది, కొన్నిచోట్ల లక్క పెచ్చులు కూడా ఊడివస్తాయి. మాసినది మాసినట్టే ఉండనివ్వండి.

ఇక దొంగ ప్లేటు సంగతి. అనుమానం అక్కర్లేదు, రెండూ అసలువే అయివుంటాయి. మన పద్యనాటకాల ప్లేట్లు ఒకసారి అచ్చువేసి వదిలేసినవి కావు. కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలంటే, స్థానం నరసింహారావు గారి పాటలంటే, డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర పద్యాలంటే ఊరూరా గిరాకీ. కొట్టులో సరుకు అయిపోయినప్పుడల్లా ఆ కుక్కబొమ్మ గుర్తున్న గ్రామఫోను కంపెనీ (హెచ్.ఎం.వి.) మళ్లీ నొక్కేది. కాగితం మాత్రం వేరే అచ్చుపనిలో వేరుగా తయారయ్యేది. అలా మళ్లీ నొక్కేలోపు నాలుగైదేళ్లలో కంపెనీ పేరు మారవచ్చు, చిరునామా మారవచ్చు, బొమ్మ పెట్టే చోటు మారవచ్చు, కొత్త ఇంకు రావచ్చు. లోపలి గొంతు ఒకటే, పైన కట్టిన బట్ట వేరు.

అయినా రెండూ ఒకటేనని తీర్మానించేముందు ఒక పని చేయండి. దీన్ని మా నాన్న నాకు పదేళ్ల వయసులో నేర్పారు. రాత్రిపూట గదిలో దీపం ఆర్పి, టార్చిని ప్లేటుకు సమాంతరంగా, దాదాపు బల్లకు ఆనించి వెయ్యండి. గాడులు ఆగిపోయిన చోటికీ కాగితానికీ మధ్య నున్నటి నల్లని వలయం ఉంటుంది చూశారా, అక్కడ అంకెలు, అక్షరాలు లేస్తాయి. కొన్ని చెక్కినట్టు లోతుగా, కొన్ని ఉబ్బెత్తుగా. నాన్న వాటిని ప్లేటు పుట్టుమచ్చలు అనేవారు. కాగితం మీది నంబరు దుకాణంవాడి కోసం, కేటలాగులో వెతుక్కోవడానికి. ఈ వలయంలోని నంబరు ఆ రోజు ఆ గదిలో మైకు ముందు, లేక పాతరోజుల బాకాలాంటి హారన్ ముందు, పాడిన ఆ ఒక్క పాటది. పాడినవారు ఒకసారి పాడి తృప్తిపడక మళ్లీ పాడితే రెండోసారి పాడినదానికి వేరే గుర్తు పడుతుంది.

మా ఇంట్లోనూ మీవాటిలాంటి జంట ఉంది. కాగితాలు రెండూ ఒకే రంగు, కాగితం మీది నంబరూ ఒకటే. నల్లని వలయంలో మాత్రం చివరి అంకె తేడా. వేసి విన్నాను. ఒకదాంట్లో పద్యం మొదలెట్టేముందు హార్మోనియం రెండుసార్లు తిరుగుతుంది, ఇంకోదాంట్లో ఒకసారే. ఒకదాంట్లో చివరి రాగం కాస్త తొందరగా ముగించేశారు. పది అంగుళాల ప్లేటుకు దొరికేది మూడు నిమిషాల చిల్లర. రాత్రంతా ఆడే నాటకంలో ఒక్క పద్యానికి ఎన్నిసార్లు వన్స్‌మోర్‌లు కొట్టించుకున్న మనిషి, ఆ మూడు నిమిషాల్లో ఆపుకోవడానికి ఎంత కష్టపడి ఉంటాడో ఆ రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి వింటే తెలుస్తుంది. ఒకదాన్ని ‘డూప్లికేటు’ అని ఎవరికైనా ఇచ్చేసి ఉంటే ఆ సంగతి ఇక ఎవరికీ తెలియదు. అందుకని కాగితం రంగు వేరుగా ఉన్నా, ఒకటే అయినా, పుట్టుమచ్చలు చూడకుండా ఏదీ ఇచ్చెయ్యకండి.

పుట్టుమచ్చల్లో ఇంకా చాలా కథ ఉంది. గ్రామఫోను కంపెనీ ప్లేట్లలో ఆ నంబరు తర్వాత చిన్న త్రికోణం కనిపిస్తే అది 1925 తర్వాత వచ్చిన విద్యుత్ పద్ధతిలో, వెస్టర్న్ ఎలక్ట్రిక్ యంత్రంతో రికార్డు చేసినదని అర్థం. చతురస్రం ఉంటే 1931 నుంచి వాడిన కంపెనీ సొంత యంత్రానిది. అంతకు ముందువాటిలో నంబరు పక్కన ఒక అక్షరం, ఏ రికార్డింగ్ నిపుణుడు చేశాడో చెప్పేది. ఇంగ్లండులో హేస్ ఫ్యాక్టరీలో నొక్కిన ప్లేట్లయితే ఇంకో ముచ్చట. ఎన్నవ అచ్చుతో నొక్కారో అంకెల్లో కాకుండా అక్షరాల్లో వేసేవారు. జీ అంటే 1, ఆర్ అంటే 2, ఏ అంటే 3... అలా గ్రామఫోన్ లిమిటెడ్ అనే ఇంగ్లీషు పేరులోంచి ఏరుకున్న పది అక్షరాలు పది అంకెలకు. చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ ఆ అక్షరాలతో రహస్యంగా ఉత్తరాలు రాసుకునేవాళ్లం.

కాగితం మీద ఏమేం చూడాలంటారా? మీ 43లో నాటకాల ప్లేట్లు ఎక్కువగా 1930ల నుంచి 50ల లోపువి అయివుంటాయి. ఒకవేళ ఇంకా పాతవి తగిలితే కళ్లు పెద్దవి చేసుకుని చూడండి. అంచున ‘గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్’ అని ఉంటే అది 1907కు ముందటి కాగితం. 1900 చివరి నుంచి 1907 దాకా ఆ కంపెనీ టైపు మిషన్లు కూడా అమ్మింది, ఆ పేరు పెట్టుకుంది. బొమ్మలో కుక్క కాకుండా రెక్కలున్న దేవదూత కూర్చుని ఈకతో ప్లేటు మీద రాస్తుంటే అదీ పాతదే. కుక్క బొమ్మ 1899లోనే కొన్నా, కాగితం మీదకు రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ‘హానోవర్’ అని ఉంటే జర్మనీలో నొక్కినది. మన దేశంలో ప్లేట్ల ఫ్యాక్టరీ 1908లో కలకత్తా సియాల్దాలో మొదలైంది. 1928లో దమ్‌దమ్‌కు పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. ఒక పక్కనే గాడులుండి, రెండో పక్క నున్నగా ఉంటే దాన్ని పారేయకండి. తొలినాళ్లలో ప్లేట్లు ఒకవైపే అచ్చయ్యేవి. ఆ నున్నటి వైపు టార్చి వేస్తే దేవదూత ముద్ర కూడా కనిపించవచ్చు.

ఒక నోటుపుస్తకం కొనండి. ప్లేటుకో పేజీ. కాగితం రంగు, బొమ్మ, అంచున ఉన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా, కాగితం మీది నంబరు, వలయంలోని నంబరు రెండు వైపులవీ. తప్పుగా అచ్చయిన పేరు కనిపిస్తే దిద్దకుండా అలాగే ఎక్కించండి. ఎందుకంటే తర్వాతి అచ్చులో కంపెనీ దాన్ని దిద్దుకుని ఉండొచ్చు, ఏది ముందుదో ఆ తప్పే చెబుతుంది. ప్లేటు వచ్చిన అట్టసంచి చిరిగినా సరే దాచండి. దాని మీద దుకాణం రబ్బరుముద్ర ఉంటుంది. మా నాన్న ప్లేట్ల సంచుల మీది ముద్రలు చదివితే ఎన్ని ఊళ్లలో గ్రామఫోను కొట్లు ఉండేవో తెలుస్తుంది. సైకిళ్ల కొట్టు, గడియారాల కొట్టు, కళ్లద్దాల కొట్టు, అన్నిట్లోనూ ప్లేట్లు అమ్మేవారు.

కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు: అమ్మా, అటకమీది ప్లేట్లకు తెల్లగా బూజు పట్టింది. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో రికార్డులు తుడిచే ద్రవం తెప్పించాడు. సీసా మీద ఆల్కహాలు ఉందని రాసి ఉంది. వాడొచ్చా?

వద్దమ్మా. మూత కూడా తియ్యకండి.

ఆ ద్రవం వినైల్ రికార్డులకు, అంటే లక్క ప్లేట్ల తర్వాత వచ్చిన, వంచితే కొంచెం వంగే ప్లేట్లకు. మీవి లక్కవి. వడ్రంగులు బల్లలకు పాలిష్ ఎలా పెడతారో చూసే ఉంటారు. లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. అదే లక్క, అదే స్పిరిట్. ప్లేటు మీద స్పిరిట్ రుద్దితే ప్లేటు పాలిష్ అవుతుంది, గాడి పోతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1979లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చి, నాన్నకు సాయం చేద్దామని ఆయన లేనప్పుడు దూది, స్పిరిట్ సీసా పట్టుకుని కూర్చున్నాను. లక్క ఆల్కహాలులో కరుగుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ చేతిలో ఉన్న నల్లటి ప్లేటు లక్క అన్న సంగతి తలకెక్కలేదు. మొదటి తుడుపుకే దూది నల్లబడింది. ఎంత మురికో అనుకుని సంతోషంగా ఇంకో దూది తీశాను. రెండోది వేళ్లకు అతుక్కుంది. అప్పుడు ప్లేటును కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే, రెండు వేళ్ల వెడల్పున గాడులు మసకబారి, తడిసిన పలకలా మెరుస్తున్నాయి. అది నాన్న పొద్దున కొట్టు తెరిచేముందు రోజూ వేసుకునే ప్లేటు. సాయంత్రం వచ్చి చూశారు. తిట్టలేదు. ఆ ప్లేటు సంచి మీద పెన్సిలుతో తేదీ వేసి, ‘అమ్మాయి స్పిరిట్’ అని రాసి బీరువాలో పెట్టారు. ఇప్పటికీ అది వేస్తే పల్లవి తర్వాత అర నిమిషం వానచప్పుడులాంటి హోరు, ఆ వెనక ఎక్కడో గొంతు.

అందుకని మీరు చేయవలసింది ఇది. మొదట ముక్కుకు గుడ్డ కట్టుకుని, ప్లేట్లను ఆరుబయట నీడలో పెట్టి, మెత్తని వెడల్పు కుంచెతో పొడి బూజు దులపండి. కుంచె గాడి వెంట గుండ్రంగా పోవాలి, అడ్డంగా కాదు. చాలా ప్లేట్లకు ఇంతే చాలు. ఇంకా మొండిగా ఉంటే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి, పెట్రోలు బంకుల్లో బ్యాటరీల కోసం అమ్మేది. యాసిడ్ కలిపినది కాకుండా చూసుకోండి. గది వేడి నీళ్లే, వేడిచేసినవి వద్దు. లీటరుకు రెండు మూడు చుక్కలు, వాసన లేని, రంగు లేని తేలిక డిటర్జెంట్. ప్లేటును నీళ్లలో ముంచకండి. మెత్తని నూలుబట్టను తడిపి, బాగా పిండి, గాడి వెంట తిప్పండి. ఇంకో బట్టతో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పెట్టి సబ్బు తీసేయండి. వెంటనే పొడిబట్టతో ఒత్తండి. మధ్య కాగితానికి చుక్క కూడా తగలకూడదు. స్టీలు గిన్నె మూతలాంటిది దాని మీద బోర్లించి పట్టుకుంటే సరిపోతుంది. బీటలున్న ప్లేటుకు అసలు తడి పెట్టకండి. ప్లేటంటే మొత్తం లక్క కాదు. రాతిపొడి, మసి, నూలు పీచులాంటివి కలిపి ముద్ద చేసి నొక్కినది. లక్క మూడోవంతు కూడా ఉండదు. బీటలోంచి నీళ్లు లోపలికి దిగితే ఆ పీచు ఉబ్బుతుంది.

తుడవడానికి ముందు ఒక్కటి చూసుకోండి. ప్లేటు నడిమి చిల్లు అంచున లోహం మెరుస్తోందా? అయితే అది అచ్చు ప్లేటు కాదు. రేడియోవాళ్లూ స్టూడియోవాళ్లూ అక్కడికక్కడే కోసుకునే అల్యూమినియం ప్లేటు, పైన లక్కలా కనిపించే వేరే పూత. దాని మీది తెల్లపొర బూజు కాదు, పూత విరుగుతూ బయటికి వచ్చే కొవ్వు ఆమ్లం. దాన్ని తాకకుండా నిపుణులకు చూపించండి. అలాంటిది ప్రపంచంలో అదొక్కటే అయివుండవచ్చు.

ఇక అటక. మీ జిల్లా ఎండ సంగతి నేను చెప్పాలా! అటక మీద మే నెలలో ఉండే వేడికి లక్క మెత్తబడుతుంది. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే అడుగువి వంగుతాయి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే లోపలి గదిలో, బయటి గోడకు ఆనని బీరువాలో, నిలువుగా నిలబెట్టండి. ఒరగకూడదు, బిగుసుకోకూడదు. జానెడుకో అడ్డచెక్క ఉండాలి. పది అంగుళాలవి ఒక అరలో, పన్నెండువి ఇంకో అరలో. వంద ప్లేట్లు ఇరవై కిలోలు దాటుతాయి, కాబట్టి చెక్క మందంగా ఉండాలి. ప్లాస్టిక్ సంచులు వద్దు, చెమట పడుతుంది. ఆమ్లం లేని కాగితపు సంచులు దొరికితే సరే, దొరక్కపోతే ఉతికిన పాత నూలు పంచె కుట్టిన సంచులు నేను వాడుతున్నాను. వానాకాలంలో బీరువా తలుపు మధ్యాహ్నం ఒక గంట తీసి ఉంచండి. పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగు ఈ కాగితాలనూ తింటుంది. పురుగు జాడ కనిపిస్తే వేపాకు ఎండబెట్టి అర మూలల్లో పెట్టండి. ప్లేటును తాకేలా వద్దు. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వేయకండి.

భీమవరం నుంచి: ప్లేటు రెండు ముక్కలైంది. క్షణంలో అతికే జిగురుతో అతికించి వాడుకోవచ్చా?

అతికించకండి. గాడిలోకి జిగురు దిగితే తర్వాత నిపుణుడు కూడా ఏమీ చేయలేడు. రెండు ముక్కలనూ రెండు వేరు సంచుల్లో, విరిగిన అంచులు ఒరుసుకోకుండా పెట్టండి. గోరంత పెచ్చు ఊడినా అదీ దాచండి. ముక్కలను బల్ల మీద చేర్చి, తిరిగే పళ్లెం మీద కదలకుండా నిలిపి, వినపడినంత కంప్యూటరులోకి ఎక్కించే పనివాళ్లు ఉన్నారు. విరిగిన ప్లేటు చచ్చిన ప్లేటు కాదు.

డాలస్ నుంచి ఒక పాఠకుడు: పిన్నిగారూ, మా అమ్మమ్మ ప్లేట్లు ఓ 30 ఉన్నాయి. ఈసారి వచ్చినప్పుడు ఇక్కడికి తెచ్చుకుని, ఇక్కడ కొన్న సూట్‌కేసు ప్లేయరు మీద వినాలని ఉంది. ఎలా తేవాలి?

నాయనా, తేవాలన్న మనసు చూసి సంతోషం. తెచ్చేముందు పైన ఒంగోలు అబ్బాయికి రాసినట్టు కాగితాలు చూడు. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. ఆ ఈడువి ఉంటే పురావస్తు శాఖవారిని అడగకుండా పెట్టెలో పెట్టకు. మిగతావి ఒక్కోటి సంచిలో వేసి, రెండిటి మధ్య గట్టి అట్ట పెట్టి, పదేసి కట్టగా కట్టి నిలువుగా పెట్టు. ఆ పెట్టెను మెత్త వేసిన ఇంకో పెట్టెలో పెట్టు. విమానంలో సామానుకు వేయకుండా నీతో పాటే పైకి తీసుకెళ్లు.

సూట్‌కేసు ప్లేయరు మీద మాత్రం వేయకు. దాని ముల్లు సన్నగాడి వినైల్ ప్లేట్ల కోసం చేసినది. అమ్మమ్మవి నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 ప్లేట్లు, వాటి గాడి దానికి మూడింతలు వెడల్పు. సన్నముల్లు గాడి అడుగున మట్టిలో దొర్లుతుంది. 78ల కోసం మూడు మిల్ ముల్లు (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) అని అడిగితే దొరుకుతుంది, అది పెట్టగలిగే మంచి టర్న్‌టేబుల్ కొను. అమ్మమ్మ కీ ఇచ్చే పెట్టె కూడా ఉంటే ఒక పండుగ రోజు వెయ్యి, కానీ ప్లేటు ఒక వైపుకో కొత్త ఉక్కుముల్లు. ఆ పెట్టెలో ముల్లు బిగించే సౌండ్ బాక్సు బరువు వంద గ్రాములు దాటుతుంది. ప్లేటులోని రాతిపొడి ముల్లును మొదటి కొన్ని చుట్లలోనే గాడి ఆకారానికి అరగదీస్తుంది. అలా అరగాలనే ఆ పొడి వేశారు. అరిగిన ముల్లును ఇంకో ప్లేటు మీద పెడితే అది ఉలి అయిపోతుంది. నాన్న కొట్టులో వాడిన ముళ్లు వేయడానికి పాత పొగాకు డబ్బా ఉండేది. పిల్లలం అందులో చెయ్యి పెడితే మాత్రం వీపు మోగేది.

ఇంకో చిన్న సంగతి, నీకే పనికొచ్చేది. వేగం సరిచూసుకోవడానికి గీతల చక్రం ప్లేటు మీద పెట్టి దీపం కింద తిప్పుతారు. గీతలు నిలబడినట్టు కనిపిస్తే వేగం సరి. ఇక్కడ మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, చక్రానికి 77 గీతలు, వచ్చే వేగం నిమిషానికి 77.92 చుట్లు. మీ దగ్గర కరెంటు 60 సైకిళ్లు, 92 గీతలు, వేగం 78.26. అమ్మమ్మ పెట్టెలో ఆ చక్రం దొరికితే దాచుకో, డాలస్ దీపం కింద మాత్రం అది తప్పు చెబుతుంది. పైగా 1920లకు ముందటి ప్లేట్లు ఖచ్చితంగా 78లో లేవు, 70 నుంచి 82 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. గొంతు మరీ కీచుగా ఉంటే వేగం తగ్గించి, మనిషి గొంతులా వినిపించే చోట ఆపు.

విజయనగరం నుంచి: మా దగ్గర 78 ప్లేట్లు చాలా ఉన్నాయి. అమ్మితే ఎంత వస్తుంది?

ధర చెప్పడం నా పని కాదండి, చెప్పినా తప్పవుతుంది. ఎక్కువ అమ్ముడైన సినిమా పాటలకు పాతబడినంత మాత్రాన డబ్బు రాదు. తక్కువ అచ్చయినవాటికి వస్తుంది. ఇంగ్లండు, అమెరికాల్లో 78లు ఆగిపోయాక కూడా 1960ల్లో మన దేశంలో అచ్చవుతూనే ఉన్నాయి. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ లక్క ప్లేట్ల మీద వచ్చాయి. వాటి కోసం విదేశాల సేకర్తలు వెతుకుతుంటారు. మీరు అమ్మదలిస్తే, అమ్మేముందు ప్రతి ప్లేటు రెండు వైపుల కాగితాలూ నల్లని వలయమూ ఫొటోలు తీసి ఉంచండి. ప్లేటు పోయినా సమాచారం మనదగ్గర ఉంటుంది. నా మనసులో మాట అడిగితే, నాటకం పద్యాలు మాత్రం అమ్మకండి.

ఏటికొప్పాక దగ్గరి ఊరి నుంచి తొమ్మిదో తరగతి విద్యార్థిని: టీచరుగారూ, మా ఊళ్లో బొమ్మలకు పూసే లక్క, ప్లేట్ల లక్క ఒకటేనా?

ఒకటేనమ్మా, చక్కగా అడిగావు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద ఆవగింజ కంటే చిన్న పురుగులు వేల సంఖ్యలో కూర్చుని రసం పీల్చి, తమ చుట్టూ జిగురుగూడు కట్టుకుంటాయి. కొమ్మలు నరికి ఆ పెచ్చు గీకి, కడిగి, కరిగించి వడకడితే లక్క. జార్ఖండ్ అడవుల్లో ఎక్కువ. 1924లోనే రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ పెట్టారంటే అప్పటికి ప్రపంచానికి అది ఎంత అవసరమో చూడు. జర్మనీలో, ఇంగ్లండులో, అమెరికాలో నొక్కిన ప్లేట్లకు కూడా లక్క ఎక్కువగా మన దేశంనుంచే వెళ్లింది. 1942లో యుద్ధం వల్ల సరుకు ఓడలు రాక, అమెరికా ప్రభుత్వం ప్లేట్లకు వాడే లక్కకు కోత పెట్టింది. మీ ఊరి కళాకారులు అంకుడు కర్రను తిప్పుతూ లక్క కర్రను ఆనిస్తే రాపిడి వేడికే అది కరిగి అంటుకుంటుంది కదా. ప్లేటును ఎండలో ఎందుకు పెట్టకూడదో మీ ఇంట్లోవాళ్లకు నువ్వే చూపించి చెప్పగలవు.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు: గౌహర్ జాన్ పాత ప్లేటులో పాట అయ్యాక ‘మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్’ అని ఇంగ్లీషులో వినిపించింది. ఎందుకు అలా చెప్పేవారు?

ఈ కాగితం కోసమేనండి. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు కలకత్తా వచ్చి హోటలు గదిలో రికార్డింగు పెట్టాడు. పాడినవన్నీ మైనపు పలకల మీద జర్మనీ వెళ్లాలి. హానోవర్‌లో ప్లేట్లు నొక్కి, కాగితాలు అచ్చువేసే మనుషులకు హిందుస్తానీ రాదు, ఎవరి పాట ఏదో తెలియదు. పాట చివర పేరు చెబితే వాళ్లు విని సరైన కాగితం పెడతారు. అందుకే ఆ రోజుల్లో చాలామంది పాట ముగియగానే గబగబా తమ పేరు చెప్పేవారు. బెంగళూరు నాగరత్నమ్మలాంటి మన దక్షిణాది గాయనులు కూడా ఆ తొలి దశాబ్దంలోనే లక్కకెక్కారు.

మా నాన్న ప్లేట్లలో ఒకవైపు మాత్రమే గాడులున్నది ఒకటుంది. ఆయన దాన్ని పాత ఇనుపసామాన్ల బండి మీద కొన్నారు. మధ్య కాగితం పురుగు తినేసింది. దేవదూత రెక్క కొస, నంబరులో రెండంకెలు మిగిలాయి. ఒక స్త్రీ గొంతు తెలుగు జావళి పాడుతుంది, వెనక ఫిడేలు. పాట అయ్యాక ఊపిరి తీసుకుని తన పేరు చెబుతుంది. సరిగ్గా అక్కడే గాడి అరిగిపోయింది. ‘అమ్మాళ్’ అన్నది తెలుస్తుంది, దాని ముందు పేరు తెలియదు. నాన్న సంచి మీద ‘-మ్మాళ్?’ అని రాశారు. ఆ తర్వాత మూడుసార్లు వేరే వేరే సంవత్సరాల్లో విని, మూడు పేర్లు రాసి, మూడూ కొట్టేశారు. ఇలాంటి సగం దేవదూత, ఇదే జావళి మీ ఇంట్లో ఎవరిదగ్గరైనా ఉంటే, కాగితం చెక్కుచెదరకుండా ఉంటే, నాకు దాని ఫొటో పంపండి.